మూస వీడిన లోహము

మా ఊరి శివాలయమునకు గంట పోత పోసిన దినము నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. కోవెల వెనుకటి చింతచెట్టు క్రింద కంచరి వృద్ధుడొకడు కొలిమి త్రవ్వించి, తిత్తులమర్చి, ఇంటింట సేకరించిన పాతకంచు ముక్కలను మూసలో కరగించి, మట్టియచ్చు నోట పోయుచుండగా, పిల్లలము దూరముగా నిలిచి ఆ యెఱ్ఱని ధారను ఱెప్పవేయక చూచితిమి. అచ్చు నిండిన తరువాత కూడ ఆయన ఆగక, దానిపై నిలిపిన మట్టిగొట్టము నిండువఱకు ఇంకను కొంత లోహమును పోసెను. మఱునాడు అచ్చు పగులగొట్టి, గంట తలపై కొమ్మువలె నిలిచియున్న ఆ మిగులు భాగమును కోసి వేరుచేయుచుండగా, "తాతా, కోసివేయు దానిని పోయనేల?" అని నేనడిగితిని. ఆయన పని యాపకయే, "చల్లారునప్పుడు కంచు క్రుంగును బాబూ. పైనున్నది దిగి ఆ లోటు పూడ్చును. లోపలి మడ్డి తేలి ఇందులో చేరును. గంటకు రావలసిన దోషమును ఈ ముక్క పుచ్చుకొన్నది" అని చెప్పి, ఆ తునకను నా చేతిలో నుంచెను. కోసిన ముఖమున అది తేనెతుట్టెవలె బొక్కలు పడి యుండెను.

ఆ దోషము లోహమునదా, లేక లోహము నిలిచిన నేలదా యను ప్రశ్న నాటి బాలునకు తోచలేదు. తోచుటకు అనేక సంవత్సరములు పట్టినది. భూమి చుట్టు తిరుగు ప్రయోగశాలలలో లోహములను కరగించి, బరువు తెలియని చోట అవి ఎట్లు గడ్డకట్టునో పరీక్షించుచున్నారని చదివినప్పుడు, నా మనస్సు ఆ యంత్రముల వైభవముపైకి గాక, మొదట ఆ కంచు తునకపైకే పోయినది. తేలిక పైకి తేలుటకును, బరువు క్రిందికి దిగుటకును కారణమైనది లేనిచోట ఆ వృద్ధుడు తన మట్టిగొట్టముతో ఏమి చేసియుండును? ఒక ద్రవ్యము మనకు చూపు గుణములలో దాని సొంతమైనవెన్ని, అది యున్న చోటు దానికి అంటగట్టినవెన్ని యను విచారము మన దర్శనకారులకు చిరపరిచితము. వారు తర్కముతో విడదీయ యత్నించిన దానిని కొలిమిలో విడదీసి చూచు అవకాశము మాత్రము మన తరమునకే లభించినది. కావున వారి ప్రశ్నను వారి మాటలలోనే ఎత్తుకొని, ఈ క్రొత్త కొలిముల యొద్దకు తీసికొనిపోవలెనని నా కోరిక.

వైశేషికులు గురుత్వమును ఒక గుణముగా పరిగణించిరి. కణాదుని సూత్రమునందు పేర్కొనబడిన 17 గుణములకు ప్రశస్తపాదుడు మఱి 7 చేర్చి 24 చేయగా, ఆ చేర్చినవానిలో గురుత్వ ద్రవత్వ స్నేహములును కలవు. పోత పోయువానికి అనుదినము పనిబడు గుణములు ఈ మూడే యగుట నాకు ఎప్పుడును ఆశ్చర్యము గొలుపును. పడుటకు హేతువు గురుత్వము. పాఱుటకు హేతువు ద్రవత్వము. పిండి మున్నగువానిని ముద్దగా పట్టియుంచుటకు హేతువు స్నేహము. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున వీనిని బాలురకు సయితము పట్టుబడునట్లు నిర్వచించుచు, నీటి ద్రవత్వము దానికి సహజమనియు, నేతికిని బంగారమునకును ద్రవత్వము అగ్నిసంయోగమను నిమిత్తముచే వచ్చునదనియు విభజించెను. అంతతో ఆగక నైయాయికులు బంగారమునుగూర్చి ఇంకొక విచిత్రమైన వాదము చేసిరి. ఎంత కాచినను దాని ద్రవత్వము నశింపదు గనుక బంగారము తేజస్సే యనియు, అందు మనకు కనబడు పసుపువన్నెయు, చేతికి తెలియు బరువును దానితో కలిసియున్న పార్థివభాగమువే గాని దానివి కావనియు వారు నిర్ణయించిరి. మఱి తేజస్సునకు సహజమైన మెఱయు తెల్లదనము ఏమైనదన్నచో, పార్థివరూపముచే అభిభూతమైనది, అనగా బలవత్తరమైన దానిచే కప్పువడినది యని సమాధానము. నేటి రసాయనశాస్త్రము ఈ సిద్ధాంతమును అంగీకరింపదు. బంగారము ఒక మూలకము, దాని బరువు దానిదే. అయినను, కంటికి కనబడునది వస్తువు సొంతమే కానక్కఱలేదను ఆ అనుమానమును, అభిభవమను ఆ మాటను పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. వానితో నాకు ముందు పని యున్నది.

గురుత్వము ఏ ఇంద్రియమునకును గోచరింపదనియు, పతనమును జూచి దానిని ఊహింపవలసినదే యనియు ప్రశస్తపాదుడు చెప్పెను. చేతిలో గుండు నుంచుకొన్నప్పుడు బరువు తెలియుచునే యున్నది గదా యని మనకు తోచును. కాని తెలియునది గుండు గురుత్వమా, దానిని పడనీయక అడ్డుకొనుచున్న మన చేతి ప్రయాసమా? సంయోగము, ప్రయత్నము, వేగమను సంస్కారము అను మూడును పతనమునకు ప్రతిబంధకములని వారు లెక్కించిరి. తొడిమతోడి సంయోగమున్నంతవఱకు పండు పడదు. వేగమున్నంతవఱకు బాణము పడదు. సంయోగము లేనపుడు గురుత్వము తన పని తాను చేయును. ఈ దృష్టితో చూచిన, మనము బరువని వాడుకలో పిలుచునది గురుత్వమునకును ప్రతిబంధకమునకును నడుమ జరుగు కలహమునకు పేరు.

అంతరిక్షప్రయోగశాలలో గురుత్వము లేదని చెప్పుట వాడుకయైనది. అది పొరపాటు. అంతర్జాతీయ అంతరిక్షకేంద్రము భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నది. అచ్చటి భూమ్యాకర్షణము నేలపైనున్న దానిలో నూటికి సుమారు 89 పాళ్లు. ఉన్నను అందలి మనుష్యుడు తేలుచున్నాడన్నచో, అతడును, అతని చుట్టునున్న గోడలును, కొలిమియు, కొలిమిలోని లోహమును ఒక్కరీతిగా కలిసి పడుచుండుటయే కారణము. సెకండుకు ఏడున్నర కిలోమీటర్లకు మించిన వేగముతో ముందునకు సాగుచు పడుటచే ఆ పతనము నేలను తాకక, భూమి చుట్టు వలయమై నడచుచున్నది. ఇంటికప్పుపైనుండి పడువానికి పడుచున్నంతసేపు తన బరువు తనకు తెలియదను భావము 1907లో ఐన్‌స్టీన్ మనస్సున మెఱసి, తరువాతి సాపేక్షసిద్ధాంతమునకు బీజమైనది. కణాదుని పరిభాషలో చెప్పవలెనన్నచో, అచ్చట పోయినది సంయోగము. గురుత్వము అడ్డు లేక నిండుగా పనిచేయుచున్నది. మనము బంధవిముక్తి యని చిత్రించుకొన్న ఆ తేలియాట యథార్థముగా ఎడతెగని పతనమని తెలిసినప్పుడు, విముక్తి యను పదమునే మఱియొకమాఱు ఆలోచింపవలసి వచ్చును.

పడుచు గడ్డకట్టిన లోహమును మానవుడు రాకెట్టులకు చాల పూర్వమే వాడుకొనెను. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరవాసి విలియం వాట్స్ 1782లో ఒక పద్ధతికి పేటెంటు పొందెను. ఎత్తైన చోటినుండి కరగిన సీసమును జల్లెడగుండ విడిచి, క్రింద నీటితొట్టిలో పడనిచ్చుట ఆ పద్ధతి. పడుచున్న బిందువునకు ఆనుకొనుటకు ఏదియు లేదు గనుక, తన తలతన్యతచేతనే అది గుండ్రనిదై, ఆ గుండ్రదనముతోనే గట్టిపడును. అచ్చు లేకుండ పోసిన పోత అది. తుపాకి రవ్వల కొఱకు పుట్టిన ఆ యుపాయమే నేడు జర్మనీలోని బ్రెమెన్ నగరమున 146 మీటర్ల గోపురమై నిలిచియున్నది. అందు గాలి తీసివేసిన గొట్టములో ప్రయోగపేటికను 110 మీటర్లు పడవిడిచి, ఐదు సెకండ్లకు లోపలి కాలములో ద్రవముల నడతను పరీక్షింతురు. ఐదు సెకండ్లలో లోహము తన కథ చెప్పజాలదు. అందుకే 1969 అక్టోబరులో సోయుజ్ 6 నౌకలో వలేరీ కుబాసోవ్ చేసిన లోహపుటతుకు మొదలుకొని, నేటివఱకు కొలిములను కక్ష్యకు మోసికొనిపోవుచున్నారు.

మూసలోని లోహము పైకి ప్రశాంతముగా కనబడినను లోపల నిరంతరము సుడులు తిరుగుచునే యుండును. వేడియైన భాగము తేలికయై లేచును, చల్లబడినది బరువెక్కి దిగును. ఈ సంవహనము ఒకవైపు. మిశ్రలోహమున తొలుత గడ్డకట్టిన రేణువులు ద్రవముకంటె బరువైనచో అడుగునకు చేరును, తేలికయైనచో పైకి లేచును. ఈ వేర్పాటు వేఱొకవైపు. పైనున్న ద్రవభారము క్రింది దానిని నొక్కుట ఇంకొకటి. విమానయంత్రములలోని నికెల్ మిశ్రలోహపు రెక్కలను ఒకే స్ఫటికముగా పోయు శాలలలో ఈ సుడుల వలని బాధ మిక్కిలి స్పష్టముగా తెలియును. టంగ్‌స్టన్ వంటి బరువైన మూలకములు మొదట గట్టిపడు భాగమున చేరగా, మిగిలిన ద్రవము తేలికయై, స్ఫటికపు కొమ్మల సందులనుండి సన్నని ధారలుగా పైకి చిమ్మి, లేతకొమ్మలను విఱిచివేయును. విఱిగిన తునకలు ఒకదాని వెంట నొకటి గట్టిపడి, రెక్కపై గొలుసువంటి మచ్చలు తేలును. ఆ రెక్క పనికిరానిదగును. మచ్చ పడినదన్నప్పుడు మనము లోహమును నిందింతుము. అది భూమి గీసిన గీత.

కొమ్మలని వ్రాసితిని, అది ఉపమానము మాత్రమే కాదు. గడ్డకట్టు లోహము నిజముగనే చెట్టువలె పెరుగును. ఒక మొన ముందునకు సాగును, దాని ప్రక్కలనుండి కొమ్మలు, కొమ్మలనుండి రెమ్మలు పుట్టును. గ్రీకుభాషలో చెట్టునకున్న పేరును బట్టి శాస్త్రజ్ఞులు దీనిని డెండ్రైట్ అందురు. మన కన్నులకు ఏకరూపముగా కనబడు ఇనుప గుంజలో, ఇత్తడి చెంబులో, కంచు గంటలో ఇట్టి అరణ్యములు క్రిక్కిఱిసి యున్నవి. ఆ చెట్ల ఎడమును బట్టియే లోహపు గట్టితనము, పెళుసుదనము నిర్ణయమగును. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున మన కమ్మరులు మూసలో మూతవేసి కరగించి, మెల్లగా చల్లార్చిన ఉక్కు పారసీకదేశపు వర్తకులను అంతదూరమునుండి రప్పించినది. ఆ జాతి ఉక్కుతో సాగగొట్టిన కత్తులపై కనబడు నీటియలల వంటి చాఱలకు మూలము, చల్లారునప్పుడు కొమ్మల నడుమ చేరిన వెనేడియం వంటి అల్పమూలకములే యని ఇటీవలి లోహశాస్త్రజ్ఞులు నిరూపించిరి. చెట్టు పోయినను దాని నీడ కత్తిమీద మిగిలినది. సూక్ష్మదర్శిని యెఱుగని ఆ కమ్మరి, తొందరపడక చల్లార్చుటలోని ఫలమును ఎఱిగియుండెను. ఆ ఎఱుకయెడల నాకు గల గౌరవము ఈ క్రొత్త విషయములు చదివిన కొలది పెరుగుచున్నదే గాని తఱుగుట లేదు.

ఈ చెట్టు తనంత తాను పెరిగినచో ఎంత వేగముగా పెరుగును? 1947లో ఇవాన్‌త్సోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు, ఉష్ణము కేవలము విసరణముచే తొలగిపోవుచున్నదనుకొని, పెరుగు మొనకు గణితసూత్రము నొకదానిని సాధించెను. ఆ సూత్రము సరియైనదో కాదో భూమిపై తేల్చుట దుర్ఘటమైనది. ఏలయన, మెల్లని పెరుగుదలలో సంవహనపు సుడులు మొనచుట్టునున్న వేడిని మోసికొనిపోయి దాని వేగమును మార్చివేయును. మార్టిన్ గ్లిక్స్‌మన్ అను ఆచార్యుడు సక్సినోనైట్రైల్ అను ద్రవ్యమును ఎన్నుకొనెను. అది లోహమువలెనే కొమ్మలు వేయును గాని గాజువలె పారదర్శకము; సుమారు 58 డిగ్రీల వేడికే కరగును. 1994, 1996 సంవత్సరములలో కొలంబియా షటిల్‌పై దానిని పంపి, బరువు తెలియని చోట స్ఫటికవృక్షము పెరుగు ఛాయాచిత్రములను సేకరించెను. స్వల్పమైన అతిశీతలీకరణమున భూమిపైని పెరుగుదల అంతరిక్షమున కంటె వేగముగా నున్నట్లు, ఆ వేగము సుడులు ఇచ్చిన ఎరువు వలననే వచ్చినట్లు తేలినది. అంతటితో కథ ముగిసిన నాకు ఇంత ఆసక్తి యుండెడిది కాదు. మిక్కిలి మెల్లని పెరుగుదలలో, అంతరిక్షమున సయితము, మొన గణితముతో సరిగా కలియలేదు. కారణము వెదకినవారు, పాత్ర గోడలు దూరముగా నున్నను వాని ఉనికి ఉష్ణము ద్వారా మొనకు తెలియుచున్నదని వాదించిరి. సుడులు పోయిన తరువాత గోడ పలుకరించినది.

గోడ సంగతి ఇంకను విచిత్రమైనది. కరగిన లోహము ఒక నియతమైన ఉష్ణోగ్రతవద్ద గడ్డకట్టునని బాలశిక్షలో చదువుకొంటిమి. నికెల్ 1455 డిగ్రీలవద్ద కరగును. అచ్చటనే గడ్డకట్టవలెను గదా. కాని మలినమును, బలవత్తరమైన గోడస్పర్శయు లేకుండ చేసినచో అది ఆ మెట్టు దాటి సుమారు 300 డిగ్రీల క్రిందివఱకు ద్రవముగనే నిలువగలదని టర్న్‌బుల్ అను శాస్త్రజ్ఞుడు 1950 నాటికే చూపెను. మూస గోడయే తొలి స్ఫటికమునకు పీటవేయుచున్నది. అనగా, మనము లోహస్వభావమని కంఠస్థము చేసిన ఘనీభవనస్థానము కూడ కొంతవఱకు సంయోగమునకు చెందినది. ఇక టైటేనియం వంటివి మూసనే తినివేయును. వానిని కరగించి పట్టియుంచగల పాత్ర దొరకుట కష్టము. అందుచే మూసనే విసర్జించు ఆలోచన పుట్టినది. 2014లో ఐరోపావారి కొలంబస్ ప్రయోగశాలకు చేరిన విద్యుదయస్కాంత యంత్రములో, తీగచుట్టల నడుమ, ఆఱు మొదలు ఎనిమిది మిల్లీమీటర్ల లోహబిందువు ఏమియు తాకక తేలుచు కరగును. భూమిపైనను ఇట్లు ఎత్తి పట్టవచ్చును. కాని బరువును మోయుటకు కావలసిన బలవత్తరమైన క్షేత్రము బిందువును వికృతము చేసి, లోపల కలచివేయును. కక్ష్యలో దానిని నడుమ నిలుపుటకు స్వల్పబలము చాలును. అట్లు నిలిచిన బిందువును ఒక్కమాఱు నొక్కి విడుతురు. అది లోనికి వెలుపలికి కంపించును. కంపనపు వేగమునుబట్టి తలతన్యత, ఆ కంపనము అణగిపోవు తీరునుబట్టి స్నిగ్ధత లెక్కకు వచ్చును. ఎవరి చేతిలోను లేక, దేనినీ ఆనుకొనక, తనలో తాను వణకి తనలో తాను శమించు ఆ బిందువును మించిన ధ్యానవస్తువు ఈ కాలమున నాకు దొరకలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు రావచ్చును. మంకెనపువ్వు సన్నిధిలో స్ఫటికము ఎఱ్ఱనైనట్లు తోచును, పువ్వును తొలగించిన స్ఫటికము స్వచ్ఛముగా మిగులునని వేదాంతులు చెప్పు ఉపాధివిచారము ఇచ్చట చక్కగా పొసగునని మొదట నేను తలచితిని. గురుత్వకార్యమను ఉపాధిని తొలగింపుడు, లోహస్వరూపము మిగులును. కాని మిగిలినదేమి? సంవహనము ఆగిన క్షణమున వేఱొక ప్రవాహము బయటపడినది. ద్రవోపరితలమున వేడిచోట తలతన్యత తక్కువ, చల్లనిచోట ఎక్కువ. అందుచే ద్రవపు పొర వేడినుండి చల్లదనమువైపు లాగబడును. ఉపరితలమున తలతన్యత ఒకచోట ఎక్కువగను ఒకచోట తక్కువగను ఉండుటచేతనే పళ్లెములోని నీటిపై వేసిన కర్పూరపు తునక అటునిటు పరుగిడుట చూడలేదా? ఇటలీ శాస్త్రజ్ఞుడు మరాంగోని పేర దీనిని పిలుతురు. భూమిపై పెద్ద సుడుల నడుమ దీని జాడ తఱచు మఱుగువడును. కక్ష్యలో ఇదియే ప్రధానమై లోహమును కలచును. అది గాక, ఆ చోటునకు పెట్టిన పేరే సూక్ష్మగురుత్వము. శూన్యగురుత్వమని పేరు పెట్టకుండుటలో శాస్త్రజ్ఞుల నిజాయితీ యున్నది. పలుచని గాలి ఒరపిడి వలనను, వ్యోమగామి గోడను తాకి కదలుట వలనను, పంపుల వణకుట వలనను, నేలపైని బరువులో పదిలక్షవ వంతో అంతకు హెచ్చో ఎల్లప్పుడును మిగిలియే యుండును. ఉపాధి లేని చోటు ఎచ్చటను దొరకలేదు.

ఇట్లయినచో, కృష్ణాతీరపు శ్రీపర్వతముతో సంప్రదాయము ముడిపెట్టిన నాగార్జునాచార్యుని మాటయే గెలిచినదా? స్వభావమన్నది అకృత్రిమమై, పరాపేక్ష లేనిదై యుండవలెను. హేతుప్రత్యయములచే పుట్టిన దేనికిని అట్టిది లేదు గనుక స్వభావమే లేదని ఆయన వాదము. గురుత్వము, గోడ, తలతన్యత, గాలి యని ఒక్కొక పొర తీసికొలది మఱియొక పొర కనబడుచున్నప్పుడు ఆ వాదము బలమైనదని ఒప్పుకొనక తప్పదు. అయినను నేను దానివద్ద నిలువలేకున్నాను. కక్ష్యలో బయటపడిన ఆ సన్నని ప్రవాహము అచ్చట క్రొత్తగా పుట్టలేదు. మా ఊరి కంచరి మూసలో సయితము తలతన్యత యుండెను, విసరణము జరుగుచుండెను. పగటి వెలుగులో నక్షత్రములవలె అవి కప్పువడియుండెను. కక్ష్యలోని బిందువునకు లెక్కగట్టిన స్నిగ్ధత, అదే వేడిలో, అదే కూర్పులో, మా ఊరి మూసకును వర్తించును. చోటు మాఱినను మాఱనిది ఒకటి కలదని దీనివలన తెలియుచున్నది. అందుకే బంగారమును గూర్చి నైయాయికులు వాడిన అభిభవమను మాట నాకు ఉపాధికంటెను, నిస్స్వభావముకంటెను దగ్గఱగా తోచుచున్నది. బంగారముపట్ల వారు పొరబడిరి. కాని, దుర్బలమైనది కనబడనంతమాత్రమున లేనిది కాదనియు, బలవంతమైనది తొలగినప్పుడు అది తన పని చేయుచు కనబడుననియు వారు పట్టుకొన్న సూత్రము లోహమునెడల యథార్థము.

సంసారమను భారము తొలగినచో మనస్సు నిశ్చలమగునని నమ్మి ఏకాంతమునకు పోయినవారి అనుభవము దీనికి ఎంత దగ్గఱగా నున్నదో చూడుడు. పెద్ద కోరికలు, పెద్ద భయములు ఉడిగిన చోట, అంతవఱకు లెక్కకు రాని చిన్న యీసు, చిన్న గర్వము, పొగడ్తకై సన్నని దప్పి తల యెత్తి మనస్సును కలచునని సాధకులు చెప్పుదురు. ఏకాంతము చెడ్డదైనందున అవి పుట్టినవని కొందఱు, తాను చెడిపోయినందున పుట్టినవని కొందఱు తలంచి మధ్యలో విరమింతురు. అవి ఇంటిలో నున్నప్పుడును ఉన్నవే. పెద్ద సుడుల చప్పుడులో వినబడలేదు, అంతియే. ఏకాంతము నిశ్చలత్వమును ఇచ్చునని ఆశించినవానికి అది నిరాశయగును. తనలోని బలహీనమైన ప్రవాహములను మొదటిసారి కొలుచుకొను చోటని పోయినవానికి అది ఫలించును. ఇది లోహశాస్త్రము నిరూపించిన విషయమని నేను చెప్పుట లేదు. లోహపు కథ చదువుచు, నా ప్రశ్నకు ఇంతకాలము నేను ఎదురుచూచిన రూపము వేఱని గుర్తించితినని మాత్రము చెప్పుచున్నాను.

అంతరిక్షమున టన్నులకొలది ఉక్కు పోయుదుమను కలలు ఒకప్పుడు కలిగినవి. నేడు ఈ పనిలో నున్నవారి ప్రధానమైన ఆశ వేఱు. వారికి కావలసినవి అంకెలు. స్నిగ్ధత, తలతన్యత, విసరణవేగము, కొమ్మల నడుమ ఎడము: ఇవి కలతపడని చోట కొలిచినవైనచో, భూమిపై పోతశాలలలో అచ్చులోని లోహము ఎటు పాఱునో, ఎచ్చట బొక్క పడునో, ఎచ్చట మచ్చ తేలునో కంప్యూటరుపై ముందుగనే లెక్కవేయవచ్చును. ఇంప్రెస్ అను పేర 2004లో ఐరోపావారు మొదలిడిన పరిశోధనలో టైటేనియం అల్యూమినైడ్ విమానరెక్కలు ప్రధానవిషయములలో నొకటి. అది నికెల్ మిశ్రలోహములలో దాదాపు సగము బరువుదే గాని పోత పోయుటకు మిక్కిలి మొండిది. ద్రవముతో కలిసియున్న ఘనరేణువులు కాలక్రమమున చిన్నవి కరగి పెద్దవి పెరుగు తీరును పీటర్ వూర్‌హీస్ బృందము సీసము తగరముల మిశ్రమముతో అంతరిక్షమున పరీక్షించుట కూడ ఇందు చేరును. భూమిపై తగరపు రేణువులు సీసముకంటె తేలికయై పైకి పోగుపడుటచే ఆ పరీక్ష సాగదు. కాలిఫోర్నియాలో 1960లో పాల్ డువెజ్ బంగారమును సిలికాన్‌తో కలిపి, స్ఫటికము పుట్టుటకు వ్యవధి ఈయక చల్లార్చి, లోహమును గాజుగా మార్చినది మొదలు, కొమ్మలే లేని లోహములును వచ్చినవి. వానిలో ఏది ఎంతసేపు స్ఫటికమునకు లొంగక నిలుచునో తెలిసికొనుటకును ఈ తేలు బిందువే ఒరగల్లు. భారములేని చోట కొలిచిన కొలత భారమున్న చోటికి పనికివచ్చుట, అచ్చటనే ఉండిపోవలెనను కోరిక లేకుండుట, ఈ విద్యలో నాకు అన్నిటికంటె ప్రియమైన భాగము.

మన దేశమును ఈ పనిలో చేయి పెట్టినది. 2007 జనవరి 10వ తేదీన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. ఎత్తిన వానిలో సుమారు 550 కిలోల బరువు గల పేటిక యొకటి, తిరిగి రావలెనను ఉద్దేశముతోనే పోయినది. దానిలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయు, తిరువనంతపురపు విక్రమ్ సారాభాయి కేంద్రమును కలిసి కూర్చిన చిన్న కొలిమి యుండెను. లోహము కరగుట, స్ఫటికమై గట్టిపడుట దానిలోని ప్రయోగము. పండ్రెండు దినములు పతనములో నున్న తరువాత, 22వ తేదీన దానిని భూమివైపు మఱలించిరి. భూమి లాగుబడి దానిపై ఆ పండ్రెండు దినములును ఉన్నదే. క్రొత్తగా వచ్చినది గాలి. మొదటి పలుచని గాలిపొర పేటిక ముఖమునకు తగిలిన క్షణమున సంయోగము మొదలైనది, దానితో బరువును మొదలైనది. గాలి చిక్కనైన కొలది ఆ బరువు హెచ్చెను. వెలుపలి పెంకులు ఎఱ్ఱగా కాగినవి. తరువాత గొడుగులు విచ్చినవి. పేటిక బంగాళాఖాతపు నీళ్లపై దిగి తేలినది. లోపలి లోహపు తునక అప్పటికే గట్టిపడి యుండెను. నేల ఎటువైపున్నదో తెలియకుండ పెరిగిన దాని కొమ్మలు, ఓడవారు పేటికను పైకి లాగి ఎత్తునప్పటికి, మోయువారి చేతులకు బరువై, లోపల తాము పెరిగినట్లే యున్నవి.